రెండో తరగతి పిల్లల్ని ‘ఎడ్యుకేషనల్ టూర్’ అని వాటర్ పార్కుకి తీసుకెళ్ళారు, ఏం నేర్చుకున్నట్టు?

గోదారిగట్టు_అమ్మ
మా పాప రెండో తరగతి, రాజమండ్రిలో ప్రైవేటు స్కూలు. పోయిన శనివారం ఎడ్యుకేషనల్ టూర్ అన్నారు. ఒక్కో పిల్లకి 1,400 కట్టించుకున్నారు. తెల్లవారుజామున అయిదింటికి బస్సు ఎక్కించాం, రాత్రి పదకొండున్నరకి దించారు. తీసుకెళ్ళింది వాటర్ పార్కుకి. ఏడేళ్ళ పిల్లలకి అక్కడి ఆటల్లో సగానికి ఎత్తు చాలదు. గట్టు మీద కూర్చోబెట్టారట. “ఏం చూశావే?” అంటే “బస్సులో సినిమా” అంది. మర్నాడు జ్వరం.

సరదాగా ఆడించడానికి తీసుకెళ్తున్నాం అని ఉంటే నాకు బాధ లేదు. దానికి చదువు అని పేరు పెట్టినందుకే బాధ. ఇదే పిల్ల కిందటి నెల మా అత్తయ్య చిక్కుడు పాదుకి పందిరి వేస్తుంటే రెండు గంటలు అక్కడి నుంచి కదల్లేదు. తీగ కర్రని ఎటువైపు నుంచి చుట్టుకుంటోందో రోజూ చూసొచ్చి నాకు చెప్పేది.

ఆరు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తే నిజంగా ఏమైనా ఒంటపడుతుంది? మీరు చేసినవి, చూసినవి చెప్పండి. వచ్చే పేరెంట్స్ మీటింగులో అడగాలనుకుంటున్నాను. ఊరికే తిట్టి రావడం కాదు, ఇది చేయండి అని చెప్పగలగాలి.

బుజ్జినాన్న
మా వాడికీ ఇదే. ఒకటో తరగతి. వాడిని ఎక్కించింది పొద్దున నాలుగున్నరకి. మీ కంటే అరగంట ఎక్కువ చదువు.

సత్యం_చెబుతా
నా మాట కొంచెం గట్టిగా ఉంటుంది, ఏమనుకోకండి. మూడో తరగతి పిల్లలు రెండో తరగతి తెలుగు పాఠం తడుముకోకుండా చదవలేకపోతున్నారు. ముందు చదవడం, రాయడం, కూడికలు రానీయండి. తిరగడానికి జీవితమంతా ఉంది. టూరు దండగ అని మీరే అంటున్నారు, మళ్ళీ మంచి టూరు ఏది అని మీరే అడుగుతున్నారు.

లెక్కలమాస్టారు
సత్యంగారూ, చదవడం రానీయాలన్న మాట నిజమే. 34 ఏళ్ళు బళ్ళో పనిచేశాను, మీ బాధ నాకు తెలుసు. కానీ బయటికి వెళ్ళడం ఒకటి, చదువు ఇంకొకటి అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

ఒకసారి మూడో తరగతికి కొలతలు చెప్పాలి. స్కేలు ఇవ్వలేదు. వరండా పొడవు పాదం పక్కన పాదం వేసి కొలవమన్నాను. ఒకడు 44 అన్నాడు. పొట్టి పిల్ల ఒకతె 50 అంది. నువ్వు తప్పు అంటే నువ్వు తప్పు అని గొడవ. మళ్ళీ కొలిచారు, మళ్ళీ అంతే వచ్చింది. “మాస్టారూ, మీరు కొలవండి” అన్నారు. నాకు 31 వచ్చింది! గది నిశ్శబ్దం. ముగ్గురం సరిగ్గానే కొలిచాం, మూడు రకాలుగా వచ్చింది. చివరికి ఆ పొట్టి పిల్లే “అందరం ఒకే కాలుతో కొలవాలి మాస్టారూ” అంది. ఆ పిల్ల పాదం అట్ట మీద గీసి, కత్తిరించి, తలా ఒకటి ఇచ్చాను. ఆ నెలంతా మా బళ్ళో కొలత ఆ పిల్ల కాలు. తర్వాత స్కేలు తెస్తే అది ఎందుకు పుట్టిందో వాళ్ళకి చెప్పాల్సిన పని లేకపోయింది.

మేం వెళ్ళింది వరండాలోకి. బస్సు ఖర్చు లేదు.

కొల్లేటి_కోడలు
మాస్టారూ, ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుంది?

లెక్కలమాస్టారు
టైలరింగ్ షాపు నడుపుతోంది. నా చొక్కాలు అక్కడే.

బుజ్జినాన్న
కొలతల్లో మంచి పేరే వచ్చి ఉంటుంది 😀

మెదక్_టీచరమ్మ
కొత్త జాతీయ విద్యా విధానంలో ఏడాదికి 10 రోజులు బ్యాగు లేకుండా ఉండాలని రాశారు కదా. అది చూపించి అడగండి అక్కా.

పల్లెబడి_టీచర్
చిన్న సవరణ. 2020 విధానంలో ఆ 10 రోజులు 6 నుంచి 8 తరగతుల వాళ్ళకి. వడ్రంగం, కుండలు, తోటపని లాంటి చేతిపనుల దగ్గరికి పంపాలని దాని ఉద్దేశం. చిన్న తరగతులకి దాన్ని చూపిస్తే స్కూలు వాళ్ళు మాది రెండో తరగతి కదా అంటారు. అదే ఏడాది వచ్చిన స్కూలు బ్యాగు విధానం చూపించండి. రెండో తరగతి దాకా హోంవర్కు వద్దని, బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని అందులో ఉంది. మా ఆంధ్రలో ప్రభుత్వ బళ్ళకి 2025-26 నుంచి ప్రతి శనివారం నో బ్యాగ్ డే పెట్టారు. మీకు తెలంగాణలో నెలకి ఒక శనివారం అనుకుంటాను?

మెదక్_టీచరమ్మ
అవును, నాలుగో శనివారం. సవరించినందుకు థాంక్స్. కానీ బ్యాగు తేకపోవడం ఒక్కటే జరిగి, ఆ రోజంతా బొమ్మలకి రంగులేయించి పంపే బళ్ళు కూడా ఉన్నాయి. మా బళ్ళోనూ మొదట అంతే. ఏం చేయించాలో మాకెవరూ చూపించలేదు.

కడియం_నర్సరీ
మాది కడియపులంకలో మొక్కల నర్సరీ. చలికాలంలో రోజుకి మూడు నాలుగు స్కూలు బస్సులు ఆగుతాయి. మా వైపు నుంచి చెబుతాను.

పిల్లల్ని లైనులో నిలబెడతారు. “ముట్టుకోవద్దు” అని టీచర్లు అరుస్తూ ఉంటారు. పూల ముందు గ్రూప్ ఫొటో. ఇరవై నిమిషాల్లో బస్సు ఎక్కిస్తారు. తర్వాత ఇంకో ఊరు. పాపం పిల్లలు బస్సు కిటికీలోంచి వెనక్కి చూస్తుంటారు.

రెండేళ్ళ కిందట ఒక టీచరమ్మ పదిహేను మంది పిల్లల్ని ఆటోల్లో తీసుకొచ్చింది. ముందు రోజే తను ఒక్కతే వచ్చి మా పనివాళ్ళతో మాట్లాడి వెళ్ళింది. మర్నాడు పిల్లలు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే షెడ్డులో ఉన్నారు. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపారు. కవర్లలో నింపారు. మందార కొమ్మలు ఏటవాలుగా కోసి మా వాళ్ళు ఇస్తే గుచ్చారు. ఒకడు కొమ్మ తలకిందులుగా గుచ్చాడు. టీచరమ్మ తియ్యనివ్వలేదు, “ఉండనీ, ఏమవుతుందో చూద్దాం” అంది. ఆఖర్న తలా ఒక రణపాల ఆకు ఇచ్చాను. ఆకుని తడి మట్టి మీద పడేస్తే చాలు, అంచు నొక్కుల్లోంచి పిల్ల మొక్కలు వస్తాయి. విత్తనం లేకుండా ఆకులోంచి మొక్క వస్తుందంటే ఒక్కడూ నమ్మలేదు.

తర్వాత నెల పోస్టులో కవరు వచ్చింది. లోపల పదిహేను బొమ్మలు. ఆకు చుట్టూ చిన్న చిన్న మొక్కలు, కింద తేదీలు. ఇప్పటికీ మా షెడ్డులో అంటించి ఉన్నాయి. అంతమంది వచ్చి వెళ్ళారు, మాకు గుర్తున్నది ఆ పదిహేను మందే.

గోదారిగట్టు_అమ్మ
కడియం మాకు పది కిలోమీటర్లు కూడా ఉండదేమో. దాన్ని దాటుకుని వాటర్ పార్కుకి వెళ్ళారు. ఆ తలకిందుల కొమ్మ ఏమైంది?

కడియం_నర్సరీ
ఎండిపోయింది. వాడికి ఆ సంగతి రాసి పంపాను. దానికీ బొమ్మ వేసి పంపాడు.

సత్యం_చెబుతా
కడియం వారి మాట బాగుంది. కాదనను. అయితే పదిహేను మందితో అయింది. 45 మంది ఉన్న సెక్షనుతో ఆ టీచరమ్మ ఏం చేసేది?

పల్లెబడి_టీచర్
సరైన ప్రశ్న. ప్రభుత్వ ప్రాథమిక బడిలో విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. మా బడి అలాంటిదే. నేను పాతిక మందిని బయటికి తీసుకెళ్తే మిగతా అందరూ, నాలుగు తరగతులు, మా మేడం ఒక్కరి మీద పడతాయి. అందుకే మా ప్రయాణాలన్నీ గంటలోపు, నడిచి వెళ్ళి వచ్చే దూరంలో. ఎలా చేస్తామో ఒకటి వివరంగా రాస్తాను.

మాది ధవళేశ్వరానికి దగ్గర పల్లె. పిల్లలు రోజూ కాలువ గట్టు మీద నడిచే బడికొస్తారు. కాలువ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే “గోదారి నుంచి” అంటారు. గోదారి నీళ్ళు కాలువలోకి ఎందుకు ఎక్కుతాయి అంటే జవాబు లేదు. కాటన్ దొర కట్టించాడు అని పెద్దవాళ్ళు చెప్పిన మాట ఒకటి అప్పజెబుతారు.

ముందు వారం బడి వెనక ఇసుకలో ఆడాం. వాలుగా ఒక పెద్ద గాడి తవ్వారు, అది గోదారి. పక్కన కాస్త ఎత్తులో ఒక చిన్న గాడి, అది కాలువ. బిందెతో పై నుంచి నీళ్ళు పోశారు. నీళ్ళన్నీ పెద్ద గాడిలోనే పోయాయి, చిన్న గాడి పొడిగా ఉంది. “ఇప్పుడు కాలువకి నీళ్ళు ఎలా ఎక్కిస్తారో మీరే చూడండి” అని వదిలేశాను. చేత్తో తోశారు. చిన్న గాడిని ఇంకా తవ్వారు. గ్లాసుతో తోడి పోశారు. ఒకమ్మాయి పెద్ద గాడికి అడ్డంగా ఇటుక పెట్టింది. ఇటుక వెనక నీళ్ళు పైకి లేచాయి, లేచి పక్క గాడిలోకి జారాయి. ఎంత కేకలు వేశారో! ఇంకొకడు ఇటుక మీంచి పొర్లిపోయే నీళ్ళు చూసి “మిగిలినవి సముద్రానికి” అన్నాడు.

ఆ తర్వాతే ఆనకట్ట దగ్గరికి తీసుకెళ్ళాను. పాత ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కి కట్టారని చెప్పాను, ఆ అంకెలు వాళ్ళకి పట్టలేదు, ఏడేళ్ళ పిల్లలకి 1852 అయినా నిన్న మొన్న అయినా ఒకటే. కానీ బ్యారేజీ చూడగానే “ఇటుక! మన ఇటుక!” అన్నారు. పక్కన కాలువ తల దగ్గర గేట్లు చూసి, “మనం గేటు పెట్టలేదు మాస్టారూ” అని తిరుగుదారిలో గొడవ. మర్నాడు అట్టముక్కతో గేటు పెట్టారు.

రాయడం అంటారా సత్యంగారూ, ఆ వారం ‘కాలువ, ఇటుక, గేటు, నీళ్ళు, పల్లం’ అనే మాటలు బోర్డు మీద పెట్టాను. ఎప్పుడూ రెండు వాక్యాలు దాటని పిల్లలు అర పేజీ రాశారు. రాయడానికి వాళ్ళ దగ్గర విషయం ఉంది.

బుజ్జినాన్న
నేను ఇంజనీరింగ్ చదివాను. ఆనకట్ట నీటిమట్టం పెంచడానికి అన్నది పరీక్షలో రాశాను గానీ, ఇంత తేటగా అర్థమైంది ఇవాళే.

లీడ్స్_తెలుగు
మేం ఇంగ్లండులో ఉంటాం. మా బాబు ఇయర్ వన్. ఇక్కడ బడి నుంచి నడిచి వెళ్ళేవి చాలా ఉంటాయి. లైబ్రరీ, పార్కు, ఫైర్ స్టేషన్. ప్రతిదానికీ ముందు ఇంటికి కాగితం వస్తుంది, సంతకం చేయాలి. ఆరుగురు పిల్లలకి ఒక పెద్ద మనిషి ఉండేలా తల్లిదండ్రుల్ని పిలుస్తారు. పిల్లలందరికీ మెరిసే పసుపు జాకెట్లు. నేను రెండుసార్లు వెళ్ళాను. 45 మంది అనగానే అందుకే చెబుతున్నాను, టీచరు ఒక్కరే మోయాలని ఎందుకు అనుకోవాలి? అక్కడా అమ్మలు, నాన్నలు, తాతలు వస్తారు కదా, అడిగితే.

మెదక్_టీచరమ్మ
అడిగితే మా ఊళ్ళో రోజు కూలీ పోతుందంటారు, అదీ నిజమే. అవ్వలు మాత్రం వస్తారు. ఒక అవ్వ మాతో అంగడికి వచ్చి చింతపండు బేరం ఎలా చేయాలో పిల్లలకు నేర్పింది. పావుకిలో, అర్ధకిలో ఆమె చేతిలోనే చూసిన్రు. పుస్తకంలో 250 గ్రాములు అంటే ఏమిటో తెలియని పిల్ల, కవరు చేతిలో పట్టుకుని “ఇది పావు కంటే తక్కువుంది” అని తూకం మళ్ళీ వేయించింది. నిజంగానే తక్కువ ఉంది.

కొల్లేటి_కోడలు
ఆ పిల్లకి నా దండాలు.

మాది కైకలూరు. మా దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి స్కూళ్ళు వస్తాయి. చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా ఉంటాయి. బయటి ఊరి పిల్లలు “అబ్బ ఎంత బాగున్నాయో” అంటారు. మా ఊరి బడి పిల్లలతో వెళ్ళినప్పుడు ఒకడు చూడగానే “ఇవి మా చేపలు తినేస్తాయి, మా నాన్న టపాసులు పేల్చి తోలతాడు” అన్నాడు. టీచరు మొహం మాడిపోయింది. పక్షుల్ని ప్రేమించాలి అని పాఠం చెప్పడానికి తీసుకొచ్చారు మరి.

నాకు మాత్రం ఆ రోజు జరిగిన అసలు చదువు అదే అనిపించింది. దారి పొడవునా పిల్లలు వాదించుకున్నారు. గూడబాతు రోజుకి ఎన్ని చేపలు తింటుంది? చెరువులు తవ్వకముందు కొల్లేట్లో ఏం తినేది? ముందు వచ్చింది పక్షా, చెరువా? టీచరు దగ్గర అన్నిటికీ జవాబుల్లేవు. సాయంత్రం మా మామగారిని అడిగారు. ఆయన చిన్నప్పటి కొల్లేరు గురించి గంట చెప్పారు. ఆ ఊళ్ళో ఆయన్ని ఏదైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

చిన్నూ_అమ్మ
అన్నీ చదువుతున్నాను. ఒక మాట చెప్పాలని ఉంది. మా బాబు నడవలేడు, వీల్‌చైరు. ఎనిమిదేళ్ళు. టూరు అన్న ప్రతిసారీ స్కూలు నుంచి ఫోను, “ఆ రోజు ఇంట్లో ఉంచండి మేడం, ఇబ్బంది అవుతుంది” అని. డబ్బులు వద్దంటారు, అదేదో మేలు చేసినట్టు. మర్నాడు అందరూ టూరు కబుర్లు చెప్పుకుంటే వాడు నోరెత్తడు. ఈసారి ముందు రోజే “నాకు కడుపునొప్పి అని చెప్పు అమ్మా” అన్నాడు. తనని ఎవరూ వద్దనలేదు, తనే రాలేదు అనుకోవాలని.

గోదారిగట్టు_అమ్మ
చిన్నూ అమ్మా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను 1,400 గురించి ఏడుస్తున్నాను.

పల్లెబడి_టీచర్
చిన్నూ అమ్మగారూ, మా బళ్ళో పోలియో వచ్చిన పిల్ల ఒకతె ఉండేది. ఆ పిల్లని వదిలి వెళ్ళలేక మేం చోటు మార్చాం. గుట్ట ఎక్కే ఆలోచన మాని కుమ్మరి ఇంటికి వెళ్ళాం. తర్వాత అర్థమైంది, ఆ పిల్ల వెళ్ళగలిగిన చోటల్లా మిగతా పిల్లలకి కూడా ఎక్కువ నేర్పింది. దగ్గర, నిదానం, కూర్చుని చేసే పని. మీ స్కూలుకి ఈ ఒక్క మాట చెప్పి చూడండి: ముందు చిన్నూ రాగలిగే చోటు వెతకండి, తర్వాత మిగతావాళ్ళ సంగతి చూడండి. వాళ్ళు వినకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాట వద్దు.

కడియం_నర్సరీ
మా షెడ్డు నేల చదును, సిమెంటు దారి ఉంది. ట్రాలీలు తిరిగే దారే, వీల్‌చైరు హాయిగా తిరుగుతుంది. ఎప్పుడైనా రండమ్మా. మట్టి కలిపే బల్ల కూడా కూర్చుంటే అందే ఎత్తులోనే ఉంటుంది.

బుజ్జినాన్న
హైదరాబాద్ వాళ్ళకి ఒకటి. సాలార్‌జంగ్ మ్యూజియంకి ఆరేళ్ళ వాడిని తీసుకెళ్ళి మొదటిసారి తప్పు చేశాను. టికెట్టు కొన్నాం కదా అని అన్ని గదులూ తిప్పాను. పదో గదిలో ఏడుపు. రెండోసారి రెండే రెండు. గంట కొట్టే పెద్ద గడియారం, ముసుగు వేసుకున్న రెబెకా బొమ్మ. గంట అవ్వడానికి ముందే వెళ్ళి గడియారం ఎదురుగా కూర్చున్నాం. గడ్డపాయన బయటికొచ్చి గంటలు కొట్టి లోపలికి పోతాడు. వాడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. పదకొండు. ఇంటికెళ్ళాక అట్టపెట్టెతో గడియారం చేసి, ప్రతి గంటకీ తనే గడ్డం పెట్టుకుని బయటికొచ్చాడు. గడియారం చూడడం అలా వచ్చేసింది. రెబెకాని చూసి “రాయి మీద అంత పల్చటి గుడ్డ ఎలా అంటించారు?” అన్నాడు. గుడ్డ కూడా రాయే అంటే నమ్మలేదు. శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్ళండి.

సత్యం_చెబుతా
ఇవన్నీ చదివాక ఒకటి ఒప్పుకుంటున్నాను. నేను వద్దన్నది బస్సు టూర్లని, మీరు చెప్పేది వేరే. కానీ నా భయం పోలేదు. ఇలా చేయగల టీచరు వందలో ఎందరు? చేతగాని చోట మళ్ళీ చదువు పోయి తిరుగుడే మిగులుతుంది.

లెక్కలమాస్టారు
పెద్దది చేయబోతే అలాగే అవుతుంది. ఏ టీచరైనా చేయగలిగింది ఒకటి చెబుతాను: పోస్టాఫీసు. పిల్లలు తమ ఇంటి చిరునామా తెలుసుకుని రావాలి (సగం మందికి తెలియదు, పరీక్ష పెట్టి చూడండి). అర్ధరూపాయి కార్డు కొనాలి. తమ ఇంటికే ఉత్తరం రాయాలి. పిన్‌కోడ్ ఆరంకెలు రాసేటప్పుడు మొదటి అంకె అందరికీ 5 ఎందుకో అడుగుతారు. మన రెండు రాష్ట్రాలకీ, కర్ణాటకకీ 5 అని చెబితే, మద్రాసులో ఉన్న మేనమామకి ఏమిటని అడుగుతారు. 6. ఆ తర్వాత రోజూ గుమ్మం వైపు చూడడం.

బుజ్జినాన్న
మాస్టారూ, పోస్టు డబ్బాలు తీసేశారు కదా?

మెదక్_టీచరమ్మ
లేదు అన్నా. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపిన్రు. దాన్నే డబ్బాలు తీసేస్తున్నారని వాట్సాప్‌లో తిప్పిన్రు. మా ఊరి డబ్బా అట్లనే ఉంది, ఎర్రగా.

గోదారిగట్టు_అమ్మ
పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. మీటింగు అయింది. మొదట “అందరు పేరెంట్సూ పెద్ద టూరే అడుగుతారండి, పక్క స్కూలు వాళ్ళు తీసుకెళ్తున్నారు” అన్నారు. అది అబద్ధం కాదు. ఒకాయన లేచి “నేను డబ్బు కడుతున్నది నా కూతురు మట్టి పిసకడానికా” అన్నారు. నేను మాస్టారి పాదం కథ, పల్లెబడి టీచరుగారి ఇటుక కథ చెప్పాను. సగం మంది విన్నారు. చివరికి స్కూలు ఒప్పుకున్నది ఇంత: మూడు నెలల పాటు నెలకొక శనివారం, అరరోజు, రెండో తరగతి మాత్రమే, సెక్షనుని మూడు ముక్కలు చేసి, ప్రతి ముక్కకీ ముగ్గురు పేరెంట్స్. మొదటిది పోస్టాఫీసు.

మొన్న వెళ్ళాం. మా గుంపులో పద్నాలుగు మంది. అయిదుగురికి ఇంటి నంబరు తెలియదు. పోస్టుమాస్టరుగారు తేదీ ముద్ర ఒక్కొక్కరి చేత కొట్టించారు, తెల్ల కాగితం మీద. ఆ చప్పుడు వాళ్ళకి ఎంత నచ్చిందంటే క్యూలో ఉన్న పెన్షను తాతలు కూడా ఆగి నవ్వారు. ‘మట్టి పిసకడానికా’ అన్నాయన కూతురు పిన్‌కోడ్ అంకె ఒకటి తప్పు రాసింది. ఉత్తరం ఎక్కడికి పోతుందో అని ఇప్పుడు క్లాసంతా పందాలు. అసలు వస్తుందా రాదా అని ఆయనే నాకు ఫోన్ చేసి అడిగారు.

మా పాప కార్డు నిన్న వచ్చింది. “నాన్నమ్మా, చిక్కుడు తీగకి నీళ్ళు పొయ్యి, నేను బళ్ళో ఉన్నాను” అని ఉంది.

లీడ్స్_తెలుగు
నాన్నమ్మగారు జవాబు రాయాలి ఇప్పుడు.

గోదారిగట్టు_అమ్మ
రాశారు. కార్డు తీసుకుని తనే నడిచి వెళ్ళి డబ్బాలో వేసొచ్చారు.

చిన్నూ_అమ్మ
కడియం గారూ, వచ్చే ఆదివారం మేము ముగ్గురం వస్తాం. మా బాబు స్నేహితుడు ఇంకొకడు కూడా వస్తానంటున్నాడు. ఎన్నింటికి రావాలి?

కడియం_నర్సరీ
ఎండ ఎక్కకముందే, ఎనిమిదింటికి. పాత బట్టలు వేయండి. రణపాల ఆకులు పక్కన పెట్టి ఉంచుతాను.

సత్యం_చెబుతా
నాకూ రెండు ఆకులు కావాలి. మనవరాలికి. పోస్టులో పంపితే బతుకుతాయా?

కడియం_నర్సరీ
బతుకుతాయి. తడి గుడ్డ వద్దు, కుళ్ళుతుంది. పొడి కాగితంలో చుట్టి పంపుతాను, దారిలోనే మొలకెత్తినా ఆశ్చర్యం లేదు. చిరునామా నాకు విడిగా పంపండి. పాప చేతే రాయించండి.